చేప కణాలను ల్యాబ్‌లో పెంచితే చెరువుకు ఏం ఉపయోగం?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మాకు కైకలూరు దగ్గర చెరువులున్నాయి. శీలావతి, బొచ్చె పెంచుతాం. ఒక చెరువులో కొత్తగా పండుగప్ప వేయాలనుకుంటున్నాం. నేను బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ చేశాను. చేప కణాలను ల్యాబ్‌లో పెంచి వాటితో రోగాలు కనిపెట్టొచ్చు, మందులు పరీక్షించొచ్చు, వ్యాక్సిన్లు చేయొచ్చు అని చదివాను. ఇది మన రైతుకు అందే పనేనా? చిన్న ల్యాబ్ పెట్టుకోవచ్చా? రొయ్యలకు కూడా పనికొస్తుందా?"

చేపల సెల్ కల్చర్ ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఇంటర్నెట్‌లో ఈ మాట వెతికితే ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి ల్యాబ్‌లో పెంచిన చేప మాంసం వార్తలు. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2024లో ఒక స్టార్టప్‌తో అలాంటి ఒప్పందమే చేసుకుంది. అమెరికాలో వైల్డ్‌టైప్ కంపెనీ పెంచిన సాల్మన్ మాంసం 2025లో హోటల్ దాకా వెళ్లింది. మీ ప్రశ్న దాని గురించి కాదు కాబట్టి అది పక్కన పెడదాం. మీరు అడిగినది చెరువులో పెరిగే చేపకు మేలు చేసే సెల్ లైన్ల గురించి.

సెల్ లైన్ అంటే ఒక చేప మొప్ప నుంచో, గుండె నుంచో, రెక్క నుంచో తీసిన చిన్న ముక్క నుంచి మొదలుపెట్టి, ప్లాస్టిక్ ఫ్లాస్క్‌లో ఏళ్ల తరబడి పెంచుకుంటూ వచ్చే కణాలు. మొట్టమొదటి శాశ్వత చేప సెల్ లైన్‌ను 1962లో అమెరికాలో వుల్ఫ్, క్వింబీ అనే ఇద్దరు రెయిన్‌బో ట్రౌట్ నుంచి తయారు చేశారు. దాని పేరు ఆర్‌టీజీ-2. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. మనిషి శరీరం నుంచి తీసిన మామూలు కణాలు కొన్నాళ్లు విభజన చెంది ఆగిపోతాయి. చేప కణాలు చాలాసార్లు ఆగకుండా అలా సాగిపోతాయి, ఎందుకంటే చేపకు పెద్దయ్యాక కూడా ఒంట్లోని కణజాలాల్లో, విభజన ఆగిపోకుండా చూసే టెలోమరేజ్ అనే ఎంజైమ్ పనిచేస్తూనే ఉంటుంది. ఇంకో సౌకర్యం, ఎల్-15 అనే మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) వాడితే కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్ అక్కర్లేదు. మన చేపల కణాలకు 28 డిగ్రీలు సరిపోతుంది.

ఇక్కడిదాకా చదివితే ఇంట్లోనే పెట్టేయొచ్చు అనిపిస్తుంది. కొంచెం ఆగండి, ఆ సంగతికి వస్తాను.

మన దేశంలో ఈ పని బలంగా మొదలైంది తమిళనాడులోని వేలూరు పక్కన మేల్విషారంలో, సి. అబ్దుల్ హకీం కాలేజీలో. ప్రొఫెసర్ సాహుల్ హమీద్ బృందం అక్కడ పండుగప్ప కిడ్నీ నుంచి, ప్లీహం నుంచి సెల్ లైన్లు తీసింది. తర్వాత బొచ్చె గుండె, మొప్ప నుంచీ, శీలావతి మొప్ప నుంచీ తీసింది. దేశంలో తయారైన చేప సెల్ లైన్లను భద్రపరిచే జాతీయ నిల్వ కేంద్రం లక్నోలోని జాతీయ మత్స్య జన్యు వనరుల బ్యూరోలో ఉంది. అంటే మీరు మొదటి నుంచి కొత్తగా కణాలు తీయనక్కర్లేదు. మన చేపలవే సిద్ధంగా ఉన్నాయి.

ఇక ఉపయోగాలు. నా దృష్టిలో మన ప్రాంతానికి అన్నిటికంటే ఎక్కువ అవసరమైనదీ, అన్నిటికంటే తక్కువ వాడుతున్నదీ ఒకటే: చెరువులో పోసే మందుల పరీక్ష.

కొల్లేరు చుట్టుపక్కల చేపకు పేను పడితే ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, ఐవర్‌మెక్టిన్, ఏది పక్క చెరువులో పనిచేసిందంటే అది. డోసు షాపువాడు చెప్పినంత, లేదా పోయినసారి పోసిన దానికి కొంచెం ఎక్కువ. చేప చావకపోతే డోసు సరిపోయిందనుకుంటాం. చావడానికీ బాగుండడానికీ మధ్య చాలా దూరం ఉంది. మొప్ప దెబ్బతిన్న చేప మేత తినడం తగ్గిస్తుంది, తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గినప్పుడు ముందుగా తేలేది అదే. దాన్ని మనం వాతావరణం మీదికి తోసేస్తాం.

ఒక రసాయనం చేపకు ఎంత విషమో చెప్పాలంటే పాత పద్ధతి ప్రకారం బతికిన చేపలను 96 గంటలు అందులో ఉంచి ఎన్ని చచ్చాయో లెక్కపెట్టాలి. రసాయనాల పరీక్షలకు అంతర్జాతీయ పద్ధతులు రాసే ఓఈసీడీ అనే దేశాల కూటమి వాళ్ల 203 నంబరు పద్ధతి ఇదే. కనీసం ఐదు గాఢతలు, మందు కలపని కంట్రోల్ ఒకటి, ఒక్కోదానికి కనీసం 7 చేపలు. అంటే ఒక్క మందుకు 42 చేపలు. దీనికి బదులుగా ట్రౌట్ మొప్ప కణాలతో 24 గంటల్లో చేసే పద్ధతిని 2021లో ఓఈసీడీ 249 నంబరుతో ఆమోదించింది. వాడే కణాల పేరు ఆర్‌టీగిల్-డబ్ల్యూ1. వాటిని కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో తయారు చేశారు. కణాలున్న ప్లేటులో మందు కలుపుతారు. మర్నాడు మూడు రకాల రంగులు వేసి చూస్తారు: కణం ఊపిరి పనిచేస్తోందా, పైపొర చిరిగిందా, లోపల చెత్తను అరిగించే సంచులు, అంటే లైసోజోములు, నిలిచాయా. ఒకే ప్లేటులో మందుల గాఢతలన్నీ పక్కపక్కనే పట్టేస్తాయి. ఒక్క చేపను కూడా చంపక్కర్లేదు. మేల్విషారం బృందం ఇలాంటి పనే బొచ్చె, శీలావతి కణాలతో చేసింది. వేలూరు జిల్లా తోళ్ల ఫ్యాక్టరీల మురుగునీటి మీద వాళ్లు చేసిన పరీక్షల్లో కణాలు చెప్పిన సమాధానం, చేపలు చెప్పిన సమాధానం బాగా కలిశాయి.

ఇప్పుడు అసలు చిక్కు. మొప్ప కణాలు మొప్పకు జరిగే నష్టాన్నే చెప్పగలవు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి ముందుగా నరాలను పట్టుకుంటాయి. ప్లేటులోని మొప్ప కణానికి నరాలెక్కడివి? అందుకే నరాల మీద పనిచేసే మందుల విషయంలో ఈ పరీక్ష విషాన్ని తక్కువ చేసి చూపిస్తుందని దీన్ని తయారు చేసినవాళ్లే చెబుతారు. కాలేయంలోకి వెళ్లాక విషంగా మారే రసాయనాల విషయంలోనూ అంతే. అంటే మనం పేనుకు వాడే మందులే ఈ పరీక్షకు కొరుకుడు పడనివి. పైగా ఈ మందులు నీటిలో కరగవు, ప్లాస్టిక్‌కు అంటుకుపోతాయి, మీడియంలో సీరం కలిపితే దానిలోని ప్రోటీన్‌కు పట్టుకుంటాయి. ప్లేటులో ఎంత పోశామన్నది కాదు, నీటిలో నిజంగా ఎంత మిగిలిందన్నది కొలవాలి. అది కొలవకుండా "సెల్ లైన్ మీద సేఫ్ అని తేలింది" అని ఎవరైనా ప్యాకెట్ మీద వేస్తే నమ్మకండి. అలాంటి ప్యాకెట్లు వచ్చే రోజు ఎంతో దూరంలో లేదు.

అలాగని పరీక్ష వృథా కాదు. శానిటైజర్లు, బీకేసీ (బెంజాల్కోనియం క్లోరైడ్), అయోడిన్ మందులు, కాపర్ సల్ఫేట్, అమ్మోనియా తగ్గిస్తాయని అమ్మే మిశ్రమాలు, ఇవన్నీ మొదట దెబ్బతీసేది మొప్పనే. వీటికి మొప్ప కణాల పరీక్ష బాగా సరిపోతుంది. రాష్ట్రంలో అమ్మే ప్రతి ఆక్వా మందునూ శీలావతి మొప్ప కణాల మీద ఒకసారి నడిపి, లేబుల్ మీద రాసిన డోసుతో పోల్చి చూస్తే చాలు. సగం షాపులు ఖాళీ అవుతాయేమో అని నాకో అనుమానం, అనుమానమే లెండి. ఎమ్మెస్సీ చేసినవాళ్లు చేయగల పని ఇది, ఏదైనా ప్రభుత్వ ల్యాబ్‌లోనో యూనివర్సిటీలోనో చేరి.

తర్వాత వైరస్‌లు. వైరస్ బయట తనంతట తాను పెరగదు, దానికి బతికిన కణం కావాలి. అందుకే చేపల వైరస్‌ల గురించి తెలిసినదాంట్లో చాలావరకు సెల్ లైన్ల పుణ్యమే. మీకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి: ప్రపంచంలో పండుగప్ప లాంటి సముద్రపు చేపల నరాల జబ్బు వీఎన్‌ఎన్‌ను పట్టడానికి ఎక్కువగా వాడే ఈ-11 కణాలు మన కొర్రమీను జాతి పిల్లల నుంచి వచ్చినవే. తిలాపియాను చంపే టిలాపియా లేక్ వైరస్‌ను 2014లో ఇజ్రాయెల్‌లో గుర్తించినప్పుడు కూడా అది పెరిగింది ఈ-11లోనే. ఆ వైరస్ మన దేశంలో ఉందని 2018లో బయటపడింది. కొర్రమీనుకు ఆ రెండు జబ్బులతో పెద్దగా సంబంధం లేకపోయినా, దాని కణాలు వాటికి లొంగిపోతాయి. ఏ కణం ఏ వైరస్‌కు లొంగుతుందో ముందే ఊహించలేం, వేసి చూడాల్సిందే.

అయితే మీ చెరువులో ఈ వారం చేప చచ్చిపోతుంటే సెల్ కల్చర్ మీకు సమాధానం ఇవ్వదు. చేప ప్లీహం, కిడ్నీ, మెదడు నూరి, వడకట్టి, కణాల మీద పోసి, వారం పది రోజులు చూడాలి. ఏమీ కనిపించకపోతే ఆ ద్రవాన్ని మళ్లీ కొత్త కణాల మీద పోసి ఇంకో వారం పది రోజులు ఆగాలి. అప్పటికి మీ చెరువు సంగతి తేలిపోయి ఉంటుంది. తొందరకు పీసీఆర్ (వైరస్ జన్యువును వెతికే పరీక్ష) ఉంది, ఒక రోజులో చెబుతుంది. కాకపోతే పీసీఆర్ మనం వెతికిన వైరస్‌నే చూపిస్తుంది. వెతకని కొత్తది ఉంటే దానికి తెలియదు. దొరికిన జన్యువు బతికిన వైరస్‌దో చచ్చినదాని మిగులో కూడా చెప్పదు. కణాలు చచ్చిపోయి, ఆ ద్రవం కొత్త కణాలనూ చంపితే మాత్రం అక్కడ బతికిన వైరస్ ఏదో ఉందన్నమాటే, దాని పేరు మనకు తెలిసినా తెలియకపోయినా. కొత్త జబ్బు ఊళ్లోకి వచ్చిందన్న అనుమానం ఉంటే సెల్ కల్చర్ తప్పనిసరి.

నిజం చెప్పాలంటే మీ శీలావతి, బొచ్చె చెరువుల్లో నష్టం చేసేవి ఎక్కువగా వైరస్‌లు కావు. ఏరోమోనాస్, ఎడ్వర్డ్‌సియెల్లా లాంటి బ్యాక్టీరియా, పేను, మొప్పల్లో పురుగులు, తెల్లవారుజామున పడిపోయే ఆక్సిజన్. వీటికి చేప కణాలు అక్కర్లేదు. మైక్రోస్కోపు, బ్యాక్టీరియా కల్చరు, ఏ యాంటీబయాటిక్‌కు లొంగుతుందో చూసే పరీక్ష, నీటిలో ఆక్సిజన్ కొలిచే డీఓ మీటరు చాలు. వైరస్ విషయం సీరియస్‌గా తీసుకోవాల్సింది పండుగప్ప వేసే చెరువు గురించి.

శాంపిల్ పంపడం మీద రెండు మాటలు, ఎందుకంటే ల్యాబ్‌కు వచ్చే శాంపిల్స్‌లో ఎక్కువ భాగం అక్కడికి చేరేసరికే పనికిరాకుండా పోతాయి. చచ్చి తేలిన చేప వద్దు. గిరగిరా తిరుగుతున్నదో, ఒడ్డుకు వచ్చి నీరసంగా ఉన్నదో, చావుకు దగ్గరగా ఉన్నది కావాలి. వైరస్ పెంచడానికైతే ఐస్‌లో పెట్టి పంపాలి, డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించకూడదు, ఒకటి రెండు రోజుల్లో చేరాలి. ఫార్మలిన్‌లో వేస్తే వైరస్ చచ్చిపోతుంది. ఫార్మలిన్ కణజాలం కోసి మైక్రోస్కోపులో చూడడానికి, ఆల్కహాల్ పీసీఆర్‌కు. ఒకే చేప నుంచి మూడు ముక్కలు మూడు సీసాల్లో పెట్టి, చెరువులో వాడిన మందులన్నీ ఒక కాగితం మీద రాసి పంపండి. ఆ కాగితం చాలామంది రాయరు, రాసినా యాంటీబయాటిక్ పేరు దాచేస్తారు. ల్యాబ్‌వాళ్లు ఎవరికీ చెప్పరు, రాయండి.

వ్యాక్సిన్ల గురించి చదివినప్పుడు నార్వే ఉదాహరణ మీకు కనిపించే ఉంటుంది. అక్కడ సాల్మన్ పెంపకంలో 1987లో దాదాపు 50 టన్నుల దాకా యాంటీబయాటిక్స్ వాడారు. ఇప్పుడు చేపల ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగినా ఏడాదికి టన్ను కూడా వాడడం లేదు. దీనికి ప్రధాన కారణం వ్యాక్సిన్లే. కానీ ఇది సెల్ కల్చర్ విజయం అని రాసేవాళ్లు తొందరపడుతున్నారు. ఆ మార్పు తెచ్చిన వ్యాక్సిన్లు బ్యాక్టీరియా జబ్బులవి, వాటికి చేప కణాలు అక్కర్లేదు. తర్వాత వచ్చిన ప్యాంక్రియాస్ వ్యాధి లాంటి వైరస్ వ్యాక్సిన్లకు మాత్రం వైరస్‌ను సాల్మన్ కణాల్లో పెంచాల్సి వచ్చింది. మన దగ్గర హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్, కేంద్రీయ మత్స్య విద్యా సంస్థతో కలిసి పనిచేస్తున్నది కూడా కాలమ్నారిస్, ఎడ్వర్డ్‌సియెల్లోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బుల మీదే. పండుగప్ప వీఎన్‌ఎన్‌కు చెన్నైలోని సీబా (ఉప్పునీటి ఆక్వా పరిశోధన కేంద్ర సంస్థ) రీకాంబినెంట్ పద్ధతిలో, అంటే వైరస్ ప్రోటీన్‌ను వేరే కణంలో తయారు చేయించి, వ్యాక్సిన్ తెచ్చింది. ఇలాంటి వ్యాక్సిన్ తయారీకి వైరస్‌ను గ్యాలన్ల కొద్దీ పెంచక్కర్లేదు. వేసిన తర్వాత చేప రక్తంలో వచ్చిన యాంటీబాడీలు నిజంగా వైరస్‌ను ఆపుతున్నాయా అని చూడడానికి మాత్రం కణాలు కావాలి.

ఇంకో మాట. నార్వేలో చేపకు ఒక్కోదానికి సూదివేస్తారు, మెషిన్లతో. ఒక్కో సాల్మన్ ధరకు అది గిట్టుబాటవుతుంది. ఎకరాల కొద్దీ చెరువులో వేసిన శీలావతి పిల్లలకు ఎవరు వేస్తారు సూది? మేతలో కలిపేదో, ముంచి తీసేదో వస్తే తప్ప కార్ప్ రైతుకు వ్యాక్సిన్ అందదు.

మేత పరీక్షలో కూడా కణాలు వాడుతున్నారు. ట్రౌట్ పేగు కణాలను సన్నని పొర మీద పెంచి, సోయా, పురుగుల పిండి లాంటి కొత్త పదార్థాలు ఆ పొరను చిల్లులు పరుస్తున్నాయా అని కరెంటు పంపి కొలుస్తారు. బాగుంది, కానీ అది 20 డిగ్రీల లోపు చల్లనీటి మాంసాహారి పేగు. మీ చెరువులో కర్రలకు సంచులు కట్టి డీఓబీ (నూనె తీసిన తవుడు), వేరుశనగ చెక్క తినిపించే శీలావతి పేగుకు దాంతో పోలిక తక్కువ. ఈ విషయంలో ఇంకా చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

రొయ్యల ప్రశ్నకు జవాబు చిన్నది, కాస్త నిరాశ కలిగించేది కూడా. వనామీకి గానీ, టైగర్‌కు గానీ అందరూ వాడుకునే శాశ్వత సెల్ లైన్ ఈ రోజుకీ లేదు. దశాబ్దాలుగా ప్రయత్నిస్తున్నారు. రొయ్య కణాలు ఫ్లాస్క్‌లో కొద్ది రోజులు, బాగా చూసుకుంటే కొన్ని వారాలు బతుకుతాయి, విభజన చెందవు. సముద్ర జీవుల విషయంలో "పెరుగుతున్నాయి" అని సంబరపడినవి కొన్ని చోట్ల థ్రాస్టోకైట్రిడ్స్ అనే సూక్ష్మజీవులని తర్వాత తేలింది. వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు మీద పరిశోధన ఇంత కష్టం కావడానికి ఇదొక పెద్ద కారణం, ప్రతి పరీక్షకూ బతికిన రొయ్యలే కావాలి. నెల్లూరులో నీలకంఠ రొయ్యను దెబ్బతీసిన తెల్లతోక జబ్బు వైరస్‌ను మాత్రం మేల్విషారం బృందం దోమ కణాల్లో పెంచగలిగింది. నేరుగా వెళ్లే దారి లేనప్పుడు ఇలాంటి పక్కదారులే మిగులుతాయి. రొయ్యల చెరువుకు ప్రస్తుతానికి పీసీఆర్ చేసిన సీడ్, బయటి నుంచి రోగం రాకుండా చూసుకునే బయో సెక్యూరిటీ, అంతే.

చివరగా ల్యాబ్ సంగతి. పెట్టొద్దనే నా సలహా. ఎల్-15తో పని తేలికే కానీ, లామినార్ క్యాబినెట్, ఇన్వర్టెడ్ మైక్రోస్కోపు, మైనస్ 80 ఫ్రీజర్, ద్రవ నత్రజని, ఇవన్నీ కలిపితే లక్షల్లో ఉంటుంది. నత్రజని వరకు ఇబ్బంది లేదు, పశువుల కృత్రిమ గర్భధారణ కేంద్రాలకు సరఫరా చేసేవాళ్ల దగ్గరే దొరుకుతుంది. నెలనెలా ఖర్చయ్యేది సీరం. పుట్టని దూడ రక్తం నుంచి తీసే సీరం పది శాతం కలపకపోతే చాలా చేప కణాలు పెరగవు. చేపలను చంపకుండా పరీక్షలు అని గొప్పగా చెప్పుకునేటప్పుడు ఈ దూడ సంగతి ఎవరూ ఎత్తరు. సీరం లేని మీడియాలు వస్తున్నాయి, మన చేపల కణాలకు ఇంకా సరిగా కుదరలేదు.

డబ్బు కంటే పెద్ద సమస్య కణాలను శుభ్రంగా, అసలైనవిగా నిలబెట్టడం. వానాకాలంలో ఒక్క బూజు కణం చాలు, ఫ్లాస్కులన్నీ పారేయాలి. మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా పడితే కంటికి కనిపించదు, ఫలితాలన్నీ తప్పుతాయి. ఈపీసీ అనే సెల్ లైన్ కార్ప్‌ది అనుకుని ప్రపంచమంతా సుమారు పాతికేళ్లు వాడింది. అది ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే వేరే చేపదని 2010లో బయటపడింది. పెద్ద పెద్ద ల్యాబుల్లోనే అలా జరిగింది. అందుకే ఇప్పుడు సీఓఐ జన్యువు చదివి జాతి నిర్ధారించకుండా, క్రోమోజోములు లెక్కపెట్టకుండా (శీలావతికైతే 50 ఉండాలి) సెల్ లైన్ ఎవరూ ఒప్పుకోరు.

మీకు ఈ పని మీద నిజంగా ఇష్టం ఉంటే లక్నో బ్యూరోలోనో, భువనేశ్వర్‌లోని సీఫా (మంచినీటి ఆక్వా పరిశోధన కేంద్ర సంస్థ)లోనో ట్రైనింగ్ కోసం రాయండి. సీఫాకు విజయవాడలో ప్రాంతీయ కేంద్రం ఉంది, ముందు అక్కడికి వెళ్లి మాట్లాడితే ఎవరిని కలవాలో చెబుతారు. ఇంటి దగ్గర పెట్టాలంటే బ్యాక్టీరియా కల్చరు, నీటి పరీక్షలతో చిన్న ల్యాబ్ పెట్టండి, ఊళ్లో రైతులు రేపటి నుంచే వస్తారు.

పండుగప్ప వేసే ముందు మాత్రం హేచరీ వాళ్లను తల్లిచేపల వీఎన్‌ఎన్ రిపోర్టు అడగండి, ఆ వైరస్ గుడ్ల ద్వారా కూడా పిల్లకు వస్తుంది. పిల్ల రిపోర్టు విడిగా ఉండాలి, తేదీ కూడా చూడండి. ఇవ్వడానికి నసిగితే వేరే హేచరీ చూసుకోండి.